చిన్న యూనివర్సిటీలో చేరి పెద్దదానికి మారడమా, మొదటే పెద్దదానికి అప్లై చేయడమా: ఏది మేలు?

పోయిన నెల మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. వాడికి రాత్రి పదకొండు, నాకిక్కడ డాలస్‌లో మధ్యాహ్నం పన్నెండున్నర. లంచ్ బాక్సు మూత కూడా తియ్యలేదు.

"అన్నా, అమెరికాలో ఎమ్మెస్‌కు ఐ20 వచ్చేసింది, అదే, వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే కాగితం. కానీ చిన్న యూనివర్సిటీ. మీ అందరిలా పెద్దది కాదు. కన్సల్టెన్సీ వాళ్ళేమో ముందు వెళ్ళిపో, ఒక సెమిస్టర్ అయ్యాక ట్రాన్స్‌ఫర్ పెట్టుకోవచ్చు అంటున్నారు. నాన్న కూడా సరే అంటున్నాడు. డిపాజిట్ కట్టేయమంటావా?"

వాడికి తెలియనిదేంటంటే, ఏడేళ్ళ క్రితం అమీర్‌పేటలో ఓ ఏసీ గదిలో కూర్చుని నేను విన్నది కూడా అచ్చం ఈ మాటే. విని, వెళ్ళి, చేశాను. కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పెద్ద యూనివర్సిటీయే కావాలనుకుంటే ఇండియా నుంచే దానికి అప్లై చెయ్, ఒక ఇంటేక్ (అడ్మిషన్ల విడత) ఆగాల్సి వచ్చినా సరే. చిన్నది అన్ని విధాలా బాగుందనిపిస్తే వెళ్ళి అక్కడే పూర్తి చెయ్. చిన్నదాంట్లో అడుగుపెట్టి పెద్దదానికి దూకడం ఈ మూడింట్లో ఆఖరిది. ఒక్క రకం వాళ్ళకు మాత్రం అదే మంచిది, వాళ్ళ సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఆ 'ట్రాన్స్‌ఫర్' అన్న మాట సంగతి. వినగానే మనకు ఇంటర్‌లో సెక్షన్ మారినట్టో, ఉద్యోగంలో బ్రాంచి మారినట్టో అనిపిస్తుంది. ఎమ్మెస్ విషయంలో అలాంటిది ఏమీ లేదు. ట్రాన్స్‌ఫర్ అయ్యేది సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ డేటాబేస్) ఉన్న మన రికార్డు, అంటే ఐ20 వ్యవహారం. అడ్మిషన్ మాత్రం కొత్తగా తెచ్చుకోవాల్సిందే. మళ్ళీ అప్లికేషన్ ఫీజు, మళ్ళీ ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నామో రాసే వ్యాసం), మళ్ళీ ముగ్గురు ప్రొఫెసర్ల రికమెండేషన్లు, బీటెక్ మార్కులకు తోడు ఇక్కడి సెమిస్టర్ గ్రేడ్లు కూడా. ఇండియాలో కూర్చుని అప్లై చేసేవాళ్ళతోనే ఒకే వరుసలో నిలబడతాం. ఇక్కడ ఉన్నాం కదా అని ఎవరూ సీటు పట్టి ఉంచరు. పైగా చాలా పెద్ద యూనివర్సిటీలు ఫాల్ (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్) అప్లికేషన్లు డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపే మూసేస్తాయి. ఆగస్టులో దిగినవాడు మొదటి సెమిస్టర్ పరీక్షలు, పార్ట్‌టైమ్ షిఫ్టులు, వంట, మంచు, ఇవన్నీ ఉండగానే అప్లికేషన్లు కూడా రాయాలి. కొన్నిచోట్ల మొదటి సెమిస్టర్ గ్రేడ్లు రాకముందే గడువు దాటిపోతుంది. 'ఒక్క సెమిస్టర్' అన్నది నూటికి తొంభై సార్లు రెండు సెమిస్టర్లు అవుతుంది.

నాకూ రెండు అయ్యాయి. అప్పటికి 18 క్రెడిట్లు, అంటే ఆరు సబ్జెక్టులు, అన్నీ ఏ, బి గ్రేడ్లే. కొత్తచోట అడ్మిట్ వచ్చిన సంతోషంలో క్రెడిట్ల గురించి పట్టించుకోలేదు. మేలో ఒక మెయిల్ వచ్చింది. ఒక పట్టిక, ఎడమ పక్కన నేను చదివిన ఆరు సబ్జెక్టులు, కుడి పక్కన నాలుగింటికి ఎదురుగా 'సరిసమానమైన కోర్సు లేదు' అని ఒకే వాక్యం. ఆరు క్రెడిట్లు తీసుకున్నారు, పన్నెండు పోయాయి. ఒక్కో సబ్జెక్టుకు 1,500 డాలర్ల చొప్పున కట్టాను కాబట్టి 6,000 డాలర్లు, అప్పటి రేటులో దాదాపు 4 లక్షల పైన. ఇందులో ఎవరి మోసమూ లేదు. సరిసమానమైన కోర్సు లేకపోతే బయటి క్రెడిట్లు తీసుకోకపోవడం, ఉన్నా ఆరో, తొమ్మిదో మించి ఒప్పుకోకపోవడం చాలాచోట్ల ఉన్న పద్ధతే. అది వాళ్ళ వెబ్‌సైట్లోనే రాసి ఉంది, నేనే చదవలేదు. ఎమ్మెస్ మొత్తం 30 నుంచి 36 క్రెడిట్లు. అందులో పన్నెండు పోవడమంటే ఒక సెమిస్టర్ కంటే ఎక్కువ గాలికి పోయినట్టే.

ఐ20 మారే పని పెద్ద కష్టమేం కాదు, కానీ తేదీలు చూసుకోవాలి. పాత యూనివర్సిటీ డీఎస్ఓకు (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) చెప్పి ఒక రిలీజ్ డేట్, అంటే మన రికార్డు కొత్తచోటికి వెళ్ళే తేదీ, పెట్టుకోవాలి. ఆ రోజు దాటాక పాత క్యాంపస్‌లో పని చేయకూడదు. కొత్తచోట చదువు అయిదు నెలల లోపు మొదలవ్వాలి, లేదంటే స్టేటస్‌కే ముప్పు. సీపీటీ, అంటే చదువుతుండగా కోర్సులో భాగంగా బయట పని చేసే అనుమతి, తెచ్చుకోవాలంటే ఒక విద్యా సంవత్సరం చదివి ఉండాలి. మారినవాళ్ళను కొన్ని యూనివర్సిటీలు తమ దగ్గర కూడా కొంతకాలం చదవాలంటాయి, కాబట్టి వేసవి ఇంటర్న్‌షిప్ మీద ఆశ పెట్టుకున్నవాళ్ళు ఇది ముందే అడగాలి. నేను అడగలేదు, ఆ వేసవి ఖాళీగానే పోయింది.

ఎవరూ చెప్పని ఇంకో తలనొప్పి బ్యాంకుది. ఎడ్యుకేషన్ లోన్ మంజూరయ్యేది ఫలానా యూనివర్సిటీలో ఫలానా కోర్సుకు. యూనివర్సిటీ మారితే కొత్త ఐ20, కొత్త ఫీజు లెక్క పట్టుకుని నాన్న మళ్ళీ బ్రాంచికి వెళ్ళాలి. పెద్దదాని ఫీజు ఎక్కువైతే చూపించాల్సిన నిధులూ పెరుగుతాయి. మా నాన్న ఖమ్మంలో మేనేజరు గది బయట మూడు రోజులు కూర్చున్నాడు. "ఈ పిల్లలకు ఒకచోట నిలకడ లేదా సార్" అన్నాడట మేనేజరు. ఆ మాట నాన్న నాకు రెండేళ్ళ తర్వాత చెప్పాడు.

సరే, ఇదంతా మారడంలో ఉన్న ఖర్చు. అసలు పెద్దదాంట్లో అంత ఏముంది, చిన్నదాంట్లో ఏం లేదు? నేను రెండూ చూశాను.

నా చిన్న యూనివర్సిటీ అమెరికా నడిబొడ్డున మొక్కజొన్న చేల మధ్య ఉంది. క్లాసులో పద్నాలుగు మందిమి. డేటాబేస్ చెప్పే పెద్దాయన మూడో వారానికల్లా నా ఇంటిపేరు కూడా సరిగ్గా పలికాడు. ఆఫీసు తలుపు తీసే ఉండేది, ఎప్పుడు వెళ్ళినా కాఫీ పోసి కూర్చోమనేవాడు. నాకు రాసిన రికమెండేషన్‌లో నేను చేసిన ప్రాజెక్టు గురించి రెండు పేరాలు ఉన్నాయి. గదిలో నలుగురం ఉంటే నా వంతు అద్దె 200 డాలర్లు. కానీ ఇండియన్ స్టోర్‌కు వెళ్ళాలంటే కారున్న సీనియర్‌ను బతిమాలుకుని గంటన్నర ప్రయాణం. కందిపప్పు, గోంగూర పచ్చడి సీసాలు నెలకు సరిపడా తెచ్చుకునేవాళ్ళం. కెరీర్ ఫెయిర్‌కు వెళ్తే ఊళ్ళోని ఆస్పత్రి, రెండు బ్యాంకులు, ఒక ట్రాక్టర్ల కంపెనీ. స్పాన్సర్‌షిప్ అనగానే వాళ్ళ ముఖంలో నవ్వు అలాగే ఉండి, మాట మాత్రం ఆగిపోయేది.

పెద్దదాంట్లో మొదటి రోజు మెషిన్ లెర్నింగ్ క్లాసుకు వెళ్తే సినిమా హాల్లా ఉంది. నూట ఇరవై మంది. అదీ నాకు సీటు దొరికాక. అంతకుముందు రిజిస్ట్రేషన్ తెరిచిన ఆరు నిమిషాలకు లాగిన్ అయితే వెయిట్‌లిస్ట్‌లో 43. ప్రొఫెసర్‌ను కలవాలంటే ముందు ఆయన టీఏను (క్లాసు పనుల్లో సాయం చేసే విద్యార్థి) కలవాలి, టీఏ కోసం ఒక లైన్. సెమిస్టర్ అయిపోయాక లిఫ్ట్‌లో ఆయన ఎదురైతే గుడ్‌మార్నింగ్ చెప్పాను, ఎవరో అనుకుని ఆయనా చెప్పాడు. చదువు చెప్పడంలో చిన్నదే మేలు. ఇది చాలామంది ఒప్పుకోరు, నాకైతే అనుమానం లేదు.

కానీ కెరీర్ ఫెయిర్ రోజు లెక్క మారిపోతుంది. బాస్కెట్‌బాల్ ఆడే పెద్ద హాలు నిండా కంపెనీల బల్లలు. ఒక్కొక్కదాని ముందు యాభై మంది, కొత్త కోట్లలో, చేతిలో రెజ్యూమెల ఫోల్డరుతో. నలభై నిమిషాలు నిలబడితే తొంభై సెకన్ల మాట, ఒక ఉచిత పెన్ను. అయినా ఆ తొంభై సెకన్లు చిన్న ఊళ్ళో దొరకవు. అంతకంటే పెద్ద లాభం సీనియర్లు. యూటీ డాలస్ లాంటి చోట 30 వేలకు అటూ ఇటూ విద్యార్థులు. అరిజోనా స్టేట్ అయితే ఆన్‌లైన్ వాళ్ళతో కలిపి లక్ష దాటుతుంది. ఇన్నేళ్ళుగా ఇంతమంది చదివి వెళ్ళాక ఏ కంపెనీ చూసినా మనవాడు ఒకడు ఉంటాడు, రెఫరల్ అడగొచ్చు. డాలస్ చుట్టుపక్కల అర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోలలో మనవాళ్ళు ఎంతమందో చెప్పనక్కర్లేదు. ఉద్యోగం వెతికే రోజుల్లో ఎవరింట్లోనో ఒక సోఫా దొరుకుతుంది.

అసిస్టెంట్‌షిప్ మాత్రం, అంటే ప్రొఫెసర్ల దగ్గర జీతానికి చేసే పని, పెద్దదాంట్లో సులువుగా వస్తుందనుకోకండి. అక్కడ ప్రొఫెసర్ల దగ్గర పీహెచ్‌డీ వాళ్ళే బోలెడు మంది, టీఏ, ఆర్‌ఏ (పరిశోధనలో సాయం చేసే) పోస్టులు ముందు వాళ్ళకే. ఎమ్మెస్ వాడికి మిగిలేది డైనింగ్ హాలు, లైబ్రరీ కౌంటరు, వారానికి 20 గంటలు. నేను పిజ్జా కౌంటర్లో చేశాను. ఫీజు విషయంలో టెక్సస్‌లో ఒక మంచి వెసులుబాటు ఉంది. ప్రభుత్వ యూనివర్సిటీలో పోటీ మీద కనీసం 1,000 డాలర్ల స్కాలర్‌షిప్ వస్తే, విదేశీ విద్యార్థికి కూడా ఆ రాష్ట్రం వాళ్ళకు వేసే ఫీజే వేయొచ్చు. వచ్చే స్కాలర్‌షిప్ వెయ్యే, మిగిలేది దానికి ఎన్నో రెట్లు. అప్లికేషన్ త్వరగా పెట్టి, ఇలాంటివి ఏమున్నాయో అడిగే తీరిక ఇండియా నుంచి అప్లై చేసేవాడికి ఉంటుంది. మధ్యలో దూకే నాలాంటివాడు అడ్మిట్ వస్తే చాలనుకుంటాడు.

వీసా దగ్గర పెద్దా చిన్నా తేడా లేదు. చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీ ఎక్కడ చదివినా 12 నెలలే, స్టెమ్ కోర్సు (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) అయితే ఇంకో 24. ఉద్యోగ వీసా హెచ్1బీలో అమెరికా మాస్టర్స్ చేసినవాళ్ళకు విడిగా ఉన్న 20,000 కోటా కూడా అంతే, కాకపోతే ఒక షరతు ఉంది. డిగ్రీ ఇచ్చింది గుర్తింపు ఉన్న ప్రభుత్వ సంస్థో, లాభాపేక్ష లేని సంస్థో అయి ఉండాలి. లాభం కోసం నడిపే కాలేజీ డిగ్రీకి ఆ కోటా వర్తించదు. చిన్న యూనివర్సిటీ అని భయపడక్కర్లేదు గానీ ఈ ఒక్కటి మాత్రం చూడకుండా డిపాజిట్ కట్టొద్దు. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ వీసా మోసం గొడవలో మన పిల్లల కాళ్ళకు, ఎక్కడున్నారో కనిపెట్టే రేడియో కడియాలు వేసింది పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 2019లో మిషిగన్ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే ఇమిగ్రేషన్ అధికారులే వల కోసం పెట్టిన ఉత్తుత్తి సంస్థ. దాంట్లో ఇరుక్కున్నవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. వాళ్ళు ఎక్కువగా వేరేచోట చదువుతూ ట్రాన్స్‌ఫర్ మీద వెళ్ళినవాళ్ళే. మారాలన్న తొందరలో ఉన్నవాడు ఎక్కడికి మారుతున్నాడో సరిగ్గా చూసుకోడు, అది నాకు అనుభవమే.

ఇక దూకడమే మంచిదన్న ఆ ఒక్క రకం ఎవరంటే, బీటెక్‌లో బ్యాక్‌లాగ్స్ బాగా ఉండి, ఇండియా నుంచి ఎన్నిసార్లు అప్లై చేసినా పెద్దచోట తలుపు తెరుచుకోని వాళ్ళు. వాళ్ళకు అమెరికాలో రెండు సెమిస్టర్ల మంచి గ్రేడ్లు, పేరు పెట్టి పిలిచే ప్రొఫెసర్ రాసిన ఉత్తరం, పాత మార్కుల లిస్టును కొంత వెనక్కి నెడతాయి. నా రూమ్మేట్ ఒకడికి పదకొండు బ్యాక్‌లాగ్స్. వాడికి ఆ చిన్న ఊరే దారి చూపించింది. అలాంటివాళ్ళు కూడా దిగకముందే తాము వెళ్ళాలనుకున్న పెద్దదాని సిలబస్ పక్కన పెట్టుకుని, దానికి సరిపోయే సబ్జెక్టులే తీసుకోవాలి. నా పన్నెండు క్రెడిట్లు పోయింది అక్కడే.

ఆగడానికి కూడా ఖర్చు ఉంది, కాదనను. బ్యాచ్ అంతా ఎయిర్‌పోర్ట్ ఫోటోలు పెడుతుంటే ఇంట్లో ఉండటం మాటలు కాదు. ఆర్నెల్లు ఆగితే స్ప్రింగ్ (జనవరిలో మొదలయ్యే సెమిస్టర్) ఉందిగా అంటారు గానీ పెద్దచోట్ల కంప్యూటర్ సైన్స్‌కు స్ప్రింగ్‌లో తీసుకునేవి తక్కువ, కాబట్టి ఆగితే దాదాపు ఏడాదే. వచ్చే ఏడాది ఫీజు పెరగొచ్చు, డాలర్ పెరగొచ్చు, వీసా స్లాట్ల సంగతి దేవుడికే తెలియాలి. చేతిలో హైదరాబాద్ కంపెనీ ఆఫర్ ఉన్నవాడికి ఆ ఏడాది వృథా కాదు, అనుభవం రెజ్యూమెలోకి వెళ్తుంది. ఏమీ లేకుండా ఇంట్లో కూర్చునేవాడికి మాత్రం నేను ఆగమని గట్టిగా చెప్పలేను.

మావాడికి ఆఫర్ ఉంది. బ్యాక్‌లాగ్స్ లేవు. అందుకే డిపాజిట్ కట్టొద్దన్నాను. కన్సల్టెన్సీకి వెళ్ళి ఒకే ప్రశ్న అడిగి రమ్మన్నాను: "ఈ యూనివర్సిటీలో నేను చేరితే మీకు కమిషన్ వస్తుందా, నేను చెప్పే పెద్దవాటికి వస్తుందా?" అడిగాడట. మేడమ్ నవ్వి, టీ తెప్పించిందట.

మొన్న మెసేజ్ పెట్టాడు. ఉద్యోగంలో చేరాడు, ఆరు యూనివర్సిటీల గడువు తేదీలు ఎక్సెల్‌లో పెట్టుకున్నాడు, రెండింటి ఎస్‌ఓపీ నాకు పంపాడు. రెండూ ఒకేలా ఉన్నాయి, తిరగరాయమన్నాను. చిన్నాన్న మాత్రం నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు.