నాలుగు నెలల ఎలక్ట్రీషియన్ డిప్లొమాకు ఫీజు కట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

పదో తరగతి ఫలితాలు రాగానే ఫోన్లు మొదలవుతాయి. నాలుగు నెలల్లో ఎలక్ట్రీషియన్ డిప్లొమా, నూటికి నూరు శాతం ఉద్యోగం, ఆ తర్వాత గల్ఫ్ అంటారు. నిరుడు మా ఇంటికీ అలాంటి ఫోనే వచ్చింది. నమ్మి, మా తమ్ముణ్ణి హైదరాబాదులోని ఒక ప్రైవేటు శిక్షణ కేంద్రంలో చేర్పించింది నేనే. ఆ కేంద్రం పేరు రాయడం లేదు. ఇలాంటివి చాలా ఉన్నాయి, మీకు ఫోను చేసేది మరొకటి కావచ్చు.

ఫీజు 48,000. హాస్టలుకు నెలకు 5,500 చొప్పున 22,000. పనిముట్ల కిట్టు పేరుతో మరో 3,500. మొత్తం 73,500 అయింది. అందులో 70,000 రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం. నెలనెలా 1,400 వడ్డీకే పోతోంది. చేరేటప్పుడు ఈ లెక్క వేయలేదు, ఉద్యోగం రాగానే తీరిపోతుందనుకున్నాం.

రెండో నెలలో తమ్ముడు తాను ప్రాక్టీసు చేసే చెక్క బోర్డును ఫొటో తీసి పంపాడు. మా మేనమామ లైన్‌మన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ఫొటో చూడగానే ఆయన ముఖం మారిపోయింది. ఎర్ర తీగ నేరుగా బల్బు హోల్డరుకు పోతోంది, నల్ల తీగను స్విచ్చుకు కలిపారు. అంటే స్విచ్చును కరెంటు తెచ్చే ఫేజు తీగలో కాకుండా, తిరిగి వెళ్ళే న్యూట్రల్ తీగలో పెట్టారు. స్విచ్చు ఆపితే దీపం ఆరుతుంది, కానీ హోల్డరులో కరెంటు అలాగే ఉంటుంది. బల్బు మార్చబోయి దాన్ని ముట్టుకున్నవాడి గతి ఏమిటి? ఆ బోర్డు పిల్లలు చేసిన తప్పు కాదు, నేర్పడానికి ఉపాధ్యాయుడే బిగించి పెట్టిన నమూనా. ముప్పై మంది పిల్లలకు అదొక్కటే బోర్డు. త్రీ ఫేజ్ మోటారు ఉంది, దానికి సప్లయి లేదు. తీగల ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ అనే పరికరం అద్దాల బీరువాలో ఉండేది, నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా బయటికి తీయలేదు.

చెప్పినట్టే ఉద్యోగం ఇప్పించారు. ఒక కాంట్రాక్టరు దగ్గర హెల్పరు పని, పన్నెండు గంటలు, 11,000. మా వీధి కుర్రాడు ఏ కోర్సూ చదవకుండానే అదే జీతానికి అక్కడే చేరాడు. మూడో రోజు సైటులో పంపు మోటారు వెనక్కి తిరుగుతుంటే సూపర్‌వైజరు వీణ్ణి సరిచేయమన్నాడు. వీడు నిలబడిపోయాడు. బడి ముఖం చూడని పెద్దాయన ఒకరు వచ్చి, మెయిన్ ఆపి, మూడింటిలో రెండు తీగలు అటూ ఇటూ మార్చి బిగించి వెళ్ళాడట. ఆ రాత్రి ఫోనులో తమ్ముడు మాట్లాడలేకపోయాడు.

అసలు దెబ్బ రైల్వే ప్రకటన వచ్చినప్పుడు తగిలింది. అసిస్టెంట్ లోకో పైలట్‌కు పదో తరగతితో పాటు ఎన్‌సీవీటీ (జాతీయ వృత్తి శిక్షణ మండలి) లేదా ఎస్‌సీవీటీ (రాష్ట్ర వృత్తి శిక్షణ మండలి) గుర్తింపు ఉన్న ఐటీఐ అడుగుతారు. తెలంగాణ విద్యుత్ సంస్థల జూనియర్ లైన్‌మన్ ప్రకటనలోనూ ఎలక్ట్రికల్ ఐటీఐ లేదా ఇంటర్ ఒకేషనల్ అడిగారు. చేర్చుకునేటప్పుడు "ఐటీఐతో సమానం" అన్న కాగితం ఈ రెండిటిలో దేనికీ పనికిరాలేదు. దాని మీద ఉన్నవి ఒక హోలోగ్రాము, ఐఎస్‌ఓ 9001 ముద్ర. ఆ ముద్ర సంస్థ నిర్వహణకు సంబంధించింది, దానివల్ల కోర్సుకు ప్రభుత్వ గుర్తింపు రాదు. "ప్రభుత్వంలో రిజిస్టర్ అయింది" అన్న మాటకూ అర్థం అంతే. కంపెనీగా నమోదు కావడం వేరు, కోర్సుకు గుర్తింపు ఉండటం వేరు.

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్ళు. నాలుగు నెలల్లో దానితో సమానమైన సర్టిఫికెట్ ఇస్తామంటే అక్కడే లేచి వచ్చేయండి. ప్రభుత్వ ఐటీఐలో ఫీజు నామమాత్రం. పాసయ్యాక 1961 అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండుతో అప్రెంటిస్‌షిప్ చేయవచ్చు. ప్రైవేటు ఐటీఐ అయితే ఎలక్ట్రీషియన్ ట్రేడుకు విడిగా అఫిలియేషన్ (అనుబంధ గుర్తింపు) ఉందో లేదో కాగితం చూపించమనండి. రెండేళ్ళు ఆగలేని పరిస్థితి ఉంటే, బ్యాంకులు జిల్లాల్లో నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో హౌస్ వైరింగ్ ఉచితంగా నేర్పుతారు, భోజనం, వసతి కూడా వాళ్ళే చూస్తారు. చిన్న కోర్సులన్నీ పనికిరానివని నేను అనడం లేదు. ఉచితంగా దొరికేదానికి అప్పు చేయవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

గల్ఫ్ మాట ఎత్తితే ఇంకా జాగ్రత్త. విదేశాలకు పంపే ఏజెంటు కేంద్ర విదేశాంగ శాఖ దగ్గర నమోదై ఉండాలి, సేవా రుసుముగా 30,000, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. మా తమ్ముణ్ణి "వీసా ప్రాసెసింగు"కు 90,000 అడిగారు. అక్కడైనా ఆగాం.

మా రసీదు మీద "శిక్షణ రుసుము, తిరిగి ఇవ్వబడదు" అని మాత్రమే ఉంది, ఉద్యోగం అన్న మాటే లేదు. కానీ వాళ్ళ కరపత్రం, వాట్సాప్ సందేశాలు మా దగ్గర ఉన్నాయి. వాటితోనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం. డబ్బు ఇంకా రాలేదు. మీరూ ప్రతి కాగితం దాచుకోండి, ఏ హామీ అయినా రాతపూర్వకంగా అడగండి. రాసివ్వడానికి వెనకాడితే డబ్బు తీయకండి.

తమ్ముడు ఈసారి ప్రభుత్వ ఐటీఐలో సీటుకు దరఖాస్తు పెట్టాడు. నిన్న రాత్రి కవరులో పదో తరగతి మెమో, టీసీ, కుల ధ్రువపత్రం సర్దుకున్నాడు. ఆ హోలోగ్రాము కాగితం బీరువాలోనే ఉంది.