నల్గొండ క్లాక్ టవర్ దగ్గర కౌన్సిలింగ్ - నా రివ్యూ

క్లాక్ టవర్ దగ్గర కౌన్సిలింగ్ చేసే మేడమ్ గురించి రాస్తున్న, ఎవరికన్న పనికొస్తదని. చిన్నప్పటి సంది ఇంట్ల "నీతోని ఏం కాదు" అనే మాట ఇని ఇని అదే నిజమని లోపల గట్టిగ కూసున్నది నాకు, మంచిగ ఉద్యోగం చేస్తున్నా ఎవరన్న మెచ్చుకుంటే నమ్మబుద్ధి కాకపోయేది. మేడమ్ చేసేది సీబీటీ, అంటే మనసుల వచ్చే ఆలోచనలు నిజమా కాదా అని చూసుకొని మార్చుకునే చికిత్స, 1960లల్ల ఆరన్ బెక్ అనే అమెరికా డాక్టర్ మొదలువెట్టిన పద్ధతి. ఊకె ధైర్యం చెప్పుడు కాదు, నోట్‌బుక్‌ల ఏం జరిగింది, అప్పుడు మనసుల ఏ మాట వచ్చింది, దానికి సాక్ష్యం ఏంది, ఎదురు సాక్ష్యం ఏంది అని రాయిస్తరు, రాస్తుంటే ఆ మాట నాది కాదు మా నాయిన కోపంల అన్నదని నాకే తెలిసింది. నాయిన మీద పగ మాత్రం పెంచలేదు మేడమ్, అది మస్తు నచ్చింది. పాత మాట ఇంకా వస్తది గని దాని ఎంబడి పోతలేను. వెయిటింగ్ రూమ్ బాగా ఇరుకు, లోపల మాట్లాడేది బయటికి ఇనవడతది, అది మార్చాలె. ఫీజు కష్టమైతే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయుండ్రి, ఫ్రీ, 24 గంటలు, తెలుగుల మాట్లాడొచ్చు. దేవరకొండ దిక్కు నుంచి వచ్చేటోళ్లు ముందే ఫోన్ చేసి టైం తీసుకోండ్రి.