క్వారీ దారుల్లో ట్రైలర్ లాగే 6×4 బండి: వెనక సస్పెన్షన్ ఏది తీసుకోవాలి?

చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ రాయి క్యూబిక్ మీటరుకు సుమారు 3 టన్నులు తూగుతుంది. 3 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు, 1.6 మీటర్ల ఎత్తున్న ఒక్క బ్లాకే 26 టన్నుల దాకా ఉంటుంది. దాన్ని ట్రైలర్ మీద పెట్టుకుని క్వారీ అడుగు నుంచి ర్యాంపు ఎక్కాల్సిన 6×4 బండి (ఆరు చక్రాల చోట్లలో నాలుగింటికి ఇంజను లాగుడు ఉన్నది) కొనేటప్పుడు హార్స్‌పవర్ ఎంతని అందరూ అడుగుతారు. వెనక హౌసింగుల (ఇరుసులను కప్పే పెట్టెల) కింద ఏముందో అడిగేవాళ్లు తక్కువ. షోరూములో "బోగీ సస్పెన్షన్ సార్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. బోగీ అంటే వెనక రెండు ఇరుసుల జంట. ఆ పేరు కింద పనితీరులో పొంతన లేని రకాలు అమ్ముడవుతున్నాయి.

కుదుపు ఎంత తక్కువన్నది ఇక్కడ రెండో సంగతి. వెనక ఎనిమిది టైర్లూ నేలను వదలకూడదు, రెండు ఇరుసుల మీదా బరువు సమానంగా పడాలి. ఒక ఇరుసు తేలిందంటే దాని టైర్లు గిర్రున తిరుగుతాయి. అలా తిరుగుతున్న టైరు ఒక్కసారిగా రాయిని పట్టుకున్నప్పుడే చక్రాన్ని తిప్పే యాక్సిల్ షాఫ్టో, ఇరుసుకు లాగుడు తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసో (దాని కీలు) తెగేది.

ఒక్కో ఇరుసుకు విడి కమాన్లు (ఉక్కు పట్టీల స్ప్రింగులు), వాటి మధ్యలో ఈక్వలైజర్ (రెండింటినీ కలిపి ఊగే మీట) ఉన్న రకం అన్నిటికన్నా చవక. హైవే మీద దీనికి వంక పెట్టనక్కర్లేదు. గుంతలో మాత్రం ఈక్వలైజర్ తిరిగినంత వరకే దాని ఆట. అది స్టాప్‌కు తగిలాక ఒక ఇరుసు గాల్లోనే. పైగా బ్రేకు వేసినా, లోడుతో గట్టిగా లాగినా బరువు ఒక ఇరుసు మీంచి ఇంకోదాని మీదకు మారుతుంది, హౌసింగ్ ఎగిరెగిరి పడుతుంది. ఇందులోనే నాన్ రియాక్టివ్ అనే రకంలో లింకులు పెట్టి ఈ బ్రేకు తంటాను చాలావరకు తగ్గించారు. బదులుగా గ్రీజు కొట్టాల్సిన పిన్నులు, బుష్‌లు పెరిగాయి. రోజులో చివరి రెండు మూడు కిలోమీటర్లే మట్టిదారి అయితే అది చాలు.

క్వారీకైనా, లోబెడ్ (ఎత్తు తక్కువ ట్రైలర్) మీద 20 టన్నుల ప్రొక్లెయిన్ ఎక్కించుకుని సైట్లోకి దిగే బండికైనా మా ఓటు తలకిందులు కమాన్ల బోగీకే. పక్కకు ఒకటే కమాన్ కట్ట. దాని నడుము ట్రనియన్ (ఛాసీకి బిగించిన అడ్డ కడ్డీ) మీద ఊగే సాడిల్‌కు (పీఠానికి) యూ బోల్టులతో బిగించి ఉంటుంది, రెండు చివరలూ రెండు హౌసింగుల స్లిప్పర్ ప్యాడ్ల (జారే దిమ్మెల) మీద ఆనతాయి. కట్ట మొత్తం తక్కెడ కాడలా ఊగుతుంది కాబట్టి బోగీలో ముందు ఇరుసు చక్రం 20 సెంటీమీటర్ల రాయెక్కితే ఛాసీ అక్కడ లేచేది దాదాపు 10 సెంటీమీటర్లే. ఈలోగా వెనక ఇరుసు చక్రం తన వాటా బరువుతో నేల మీదే ఉంటుంది. లాగుడు, బ్రేకు దెబ్బ కమాన్ల మీద పడవు, హౌసింగులను ఛాసీకి కలిపే టార్క్ రాడ్లు మోస్తాయి.

దీని జబ్బులు ఎక్కడ మొదలవుతాయో విరిగిన పట్టీ చూస్తే తెలిసిపోతుంది. సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర విరిగిందంటే యూ బోల్టులు వదులయ్యాయి. చివర విరిగిందంటే స్లిప్పర్ ప్యాడ్ అరిగి గాడి పడింది, లేదా లోడు శ్రుతి మించింది. సెంటర్ బోల్టు పని పట్టీలను వరసలో నిలపడం మాత్రమే, బిగింపంతా యూ బోల్టులదే. అందుకే కొత్త బండికైనా, కట్ట మార్చిన బండికైనా మొదటి 1000 కిలోమీటర్లలోపే లోడు మీద ఉంచి, ఎదురెదురు నట్లు మార్చి మార్చి, కంపెనీ చెప్పిన టార్క్‌కు మళ్లీ బిగించాలి. ఒకసారి విప్పిన యూ బోల్టు తిరిగి వాడొద్దు. సాగిన మర మళ్లీ బిగువు పట్టదు.

టార్క్ రాడ్ బుష్‌లు చూడాలంటే ట్రైలర్ బ్రేకు పట్టించి, బండిని కాస్త ముందుకూ వెనక్కూ ఊగించమని, పక్కన దూరంగా నిలబడి చూడాలి. కిందికి దూరొద్దు. రబ్బరు చుట్టూ ఉన్న రాడ్డు కన్ను (ఐ) కదులుతూ కనిపిస్తే హౌసింగ్ ముక్కు లేస్తూ పడుతూ ఉందన్నమాట. లో గేరులో దడదడ, పదే పదే క్రాసులు పోవడం అక్కడివే. రాడ్డు మార్చాక రెండు ఇరుసుల మధ్య దూరం ఎడమా కుడీ టేపు పెట్టి కొలవాలి. 3 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే టైర్లు అడ్డంగా రాసుకుపోతాయి. ట్రనియన్ సీలు పోతే బురదనీళ్లు చేరి గ్రీజు సానపేస్టులా తయారవుతుంది. క్వారీ బండికి మాన్యువల్లో రాసిన గడువులో సగానికే గ్రీజు కొట్టించడం మేలు.

రబ్బరు దిమ్మెలు, కింద వాకింగ్ బీమ్ (రెండు ఇరుసులనూ కలిపి తక్కెడలా ఊగే దూలం) ఉన్న రకం దీనికన్నా మొండిది. బీమ్ ఆలోచన కొత్తదేం కాదు, అమెరికాలో హెండ్రిక్సన్ 1926లోనే తెచ్చింది. విరగడానికి పట్టీలే లేవు, ఊగుడు కూడా బాగా ఇస్తుంది. ఖాళీగా వచ్చేటప్పుడు మాత్రం డ్రైవరు నడుము పట్టేస్తుంది. బీమ్ చివరి బుష్‌లు మార్చడానికి పెద్ద ప్రెస్సు కావాలి. కమాన్ కట్టలైతే విజయవాడ ఆటోనగర్‌లోనే కాదు, జిల్లా కేంద్రాల్లోనూ కట్టేవాళ్లున్నారు. ఈ బుష్‌లు మీ ఊళ్లో దొరుకుతాయో లేదో అడగకుండా కొనొద్దు.

కమాన్ల బదులు గాలి బెలూన్లు ఉండే ఎయిర్ సస్పెన్షన్ గురించి అడిగేవాళ్లకు: కంటైనర్లకు, గాజు లోడుకు బ్రహ్మాండం. క్వారీకి వద్దు. గుంతలో ఇరుసు పూర్తిగా వేలాడితే బెలూన్ అంచు ఊడొస్తుంది, బెలూన్‌కూ పిస్టన్‌కూ మధ్య చిన్న రాయి ఇరుక్కున్నా కోసేస్తుంది, ఎత్తు చూసే వాల్వు లింకు రాయి తగిలి వంగుతుంది. అడ్డవాలు మీద ఎత్తయిన లోడుతో ఒరగడం మరో భయం.

2018లో టాండెం (జంట) ఇరుసుల బరువు పరిమితి 19 నుంచి 21 టన్నులకు పెరిగింది. అది చట్టం ఒప్పుకునే బరువు. గతుకులో పడ్డ క్షణంలో వచ్చే దెబ్బ అంతకన్నా చాలా ఎక్కువ కాబట్టి సస్పెన్షన్ రేటింగ్ 21 దగ్గరే ఆగిన బండి తీసుకోవద్దు. చాలని రేటింగును రెండు పట్టీలు అదనంగా ఎక్కించి సరిచేద్దామనుకుంటే, బండి ఎత్తు పెరిగి షాఫ్ట్ కోణం చెడుతుంది, కమాన్లు మింగాల్సిన దెబ్బ ట్రనియన్ బ్రాకెట్ దగ్గర ఛాసీకి చేరి పగుళ్లిస్తుంది.

డిఫరెన్షియల్ లాకులు (ఒక చక్రమే ఊరికే తిరగకుండా అన్నిటినీ కలిపి తిప్పేవి) రెండూ ఉన్నాయో లేదో కూడా చూసుకోండి: ఇరుసుల మధ్యది ఒకటి, ఎడమ కుడి చక్రాల మధ్యది ఇంకొకటి. చక్రం జారడం మొదలయ్యాక వేస్తే పళ్లు పోతాయి. ర్యాంపుకు ముందే, బండి ఆగి ఉన్నప్పుడు వేసి, గట్టి నేల మీదకు రాగానే తీసేయాలి.