సెన్‌హైజర్ ఐఈ 600: రబ్బరు కుదిరితేనే సంగీతం

2022లో దాదాపు 700 డాలర్ల ధరతో వచ్చిన ఐఈ 600 అనే వైరు ఇయర్‌ఫోన్‌ను ప్రశాంతమైన గదిలో అరగంట విని మెచ్చుకోవడం తేలికే. ఆఫీసులో మూడు గంటలు, దారిలో గంట, పడుకునే ముందు ఇంకో గంట చొప్పున రోజూ వాడితే ఎలా ఉంటుందన్నదే తేలాల్సిన సంగతి. ఇంట్లోనూ ఆఫీసులోనూ దీనికి వంక పెట్టడం కష్టం. బస్సులోనూ మెట్రోలోనూ మాత్రం దీని ధరలో మూడో వంతు పెట్టి కొన్న నాయిస్ క్యాన్సిలింగ్ బడ్స్ దీన్ని ఓడిస్తాయి. కారణం కింద ఉంది.

ముందు వస్తువు సంగతి. లోపల ఉన్నది ఒక్కటే డ్రైవర్ (ధ్వని పుట్టించే భాగం), 7 మిల్లీమీటర్ల డైనమిక్ రకం. ఇదే ధరలో ఐదారు డ్రైవర్లు కుక్కిన ఇయర్‌ఫోన్లు దొరుకుతున్నా సెన్‌హైజర్ మాత్రం ఒక్కదానితోనే సరిపెట్టింది. పై పెంకు జిర్కోనియం మిశ్రమంతో చేసినది. కరిగిన లోహాన్ని స్ఫటికాలు కట్టే వ్యవధి ఇవ్వకుండా చల్లారిస్తే గాజులాంటి అమరిక వస్తుంది, అదన్నమాట ఈ లోహం. హెరేయస్ సంస్థ దీన్ని 3డీ ప్రింటింగ్‌లో తయారుచేస్తుంది. చేతికి కాస్త గరుకుగా, బూడిద రంగులో ఉంటుంది. తాళంచెవులతో పాటు జేబులో పడినా గీతలు కొట్టొచ్చినట్టు కనపడవు. ఒక్కోటి సుమారు 6 గ్రాములు, ఆకారం చిన్నది. చిన్న చెవులున్నవాళ్లకు పెద్ద పెద్ద మల్టీ డ్రైవర్ ఇయర్‌ఫోన్లు పెట్టే నొప్పి ఇది పెట్టదు. రోజువారీ వాడకంలో దీని మొదటి గొప్ప ధ్వని కాదు, ఈ సైజే.

ఇక చెవిలోకి దూరే రబ్బర్లు. పెట్టెలో సిలికాన్‌వి మూడు సైజులు, ఫోమ్‌వి మూడు సైజులు ఇస్తారు. కొన్నవాళ్లలో చాలామంది మధ్య సైజు సిలికాన్ తగిలించి, పది నిమిషాలు విని, బేస్ లేదని పెదవి విరుస్తారు. అది ఇయర్‌ఫోన్ తప్పు కాదు. చెవి గోడకూ రబ్బరుకూ మధ్య వెంట్రుకవాసి సందు ఉన్నా తక్కువ ఫ్రీక్వెన్సీల ఒత్తిడి అక్కడి నుంచే జారిపోతుంది. 200 హెర్ట్జ్‌కు పైన పెద్ద తేడా తెలియదు కాబట్టి పాట వినపడుతూనే ఉంటుంది, బలం మాత్రం పోతుంది.

సరిచూసుకునే పద్ధతి ఇది. యూట్యూబ్‌లోనో టోన్ జనరేటర్ యాప్‌లోనో 40 హెర్ట్జ్ టోన్ పెట్టండి, వాల్యూమ్ తక్కువలోనే. రెండు చెవుల్లో సమానంగా వినపడాలి. ఒక్కో పక్క వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. నొక్కగానే టోన్ బలపడితే ఆ పక్క సీల్ సరిగ్గా లేనట్టే. తర్వాత నోరు పూర్తిగా తెరిచి మూయండి, నమిలినట్టు దవడ ఆడించండి. అప్పుడు టోన్ తెగితే ఒక సైజు పెంచాలి. ఎడమ చెవికీ కుడి చెవికీ వేర్వేరు సైజులు పట్టడం మామూలే, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పెట్టుకునేటప్పుడు అవతలి పక్క చేత్తో చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగి, ఇయర్‌ఫోన్‌ను కొంచెం తిప్పుతూ లోపలికి తోయాలి. ఫోమ్ అయితే వేళ్ల మధ్య సన్నగా నలిపి, లోపల పెట్టాక అర నిమిషం కదలకుండా పట్టుకోవాలి. వేలు తీసేస్తే వెనక్కి వచ్చేస్తుంది.

ఇయర్‌ఫోన్‌లో ధ్వని బయటికి వచ్చే గొట్టం మీద రబ్బరును రెండు చోట్ల నిలపవచ్చు: పూర్తిగా లోపలికి తోసి, లేదా ఒక గాడి ముందు ఆపి. ముందు గాడిలో పెడితే రబ్బరు చెవిలోకి ఇంకాస్త లోతుగా వెళ్తుంది. ఇది కేవలం సౌకర్యం కోసం అనుకోకండి. మూసేసిన చెవి రంధ్రం ఒక చిన్న గొట్టంలా 6 నుంచి 9 కిలోహెర్ట్జ్ దగ్గర ప్రతిధ్వనిస్తుంది. ఇయర్‌ఫోన్ లోతుగా వెళ్లేకొద్దీ ఆ గొట్టం పొట్టిదై ప్రతిధ్వని పైకి జరుగుతుంది. అందుకే గాయని నోట ‘స’, ‘ష’లు సూదిలా గుచ్చుతున్నాయని అనిపిస్తే ఈక్వలైజర్ వైపు పరుగెత్తే ముందు రబ్బరును ముందు గాడికి మార్చి చూడండి. సగం మంది సమస్య అక్కడే తీరుతుంది.

ధ్వని విషయానికొస్తే, బేస్‌ను కొంచెం ఎత్తి, ట్రెబుల్‌ను (సన్నటి పై స్వరాలను) మెరిపించి, గొంతును ఒక అడుగు వెనక నిలబెట్టిన తీరు. కర్ణాటక కచేరీ రికార్డింగ్ పెడితే మృదంగం ఎడమ పక్క గుమ్కీలు ఉన్నదానికంటే గుండ్రంగా, పెద్దగా వస్తాయి. కుడి మూత చాపు దెబ్బ మాత్రం పదునుగా, దాని వెనక తోలు కంపించడం తెలిసేలా వినపడుతుంది. వయొలిన్ కమాను తీగ మీద రాసుకునే గరగర స్పష్టం. తంబురా వెనకబడదు, మాయం కూడా అవదు. ఇవన్నీ ఒక్క డ్రైవర్ నుంచే వస్తున్నాయి కాబట్టి బేస్ ఒక చోట, గొంతు ఒక చోట అతికించినట్టు అనిపించదు. మల్టీ డ్రైవర్ ఇయర్‌ఫోన్లు ఈ ధరలో కూడా తరచూ తడబడేది ఇక్కడే.

ఘంటసాల కాలం నాటి పాటలు వినేవాళ్లకు ఒక హెచ్చరిక. అవి మోనో. గొంతు, వాయిద్యాలు అన్నీ తల మధ్యలో ఒకే చుక్క దగ్గర కూర్చుంటాయి. ఏ ఇయర్‌ఫోనూ దాన్ని విప్పలేదు. పైగా ట్రెబుల్ మెరుపు వల్ల టేపు హిస్ (‘స్స్’ మనే చప్పుడు), రికార్డు చిటపటలు పాటతో సమానంగా ముందుకొస్తాయి. అలాంటి పాటలకు 8 కిలోహెర్ట్జ్ పైన 3 డెసిబెల్స్ తగ్గిస్తే వినసొంపుగా ఉంటుంది. తొలినాళ్ల స్టీరియో సినిమా పాటల్లో మరో ఇబ్బంది: తబలా పూర్తిగా ఒక చెవిలో, వయొలిన్లు పూర్తిగా ఇంకో చెవిలో. ప్లేయర్ యాప్‌లో క్రాస్‌ఫీడ్ (ఒక చెవి ధ్వనిని కొంత రెండో చెవిలోనూ కలిపే సదుపాయం) ఉంటే ఆన్ చేయండి, తల బరువు తగ్గుతుంది.

మాటలు ముఖ్యమనుకునే తెలుగు శ్రోతకు గొంతు వెనక్కి ఉండడం లోపమే. సాహిత్యం కోసం వినేవాళ్లు ఈ సర్దుబాటు చేసుకోవచ్చు: 105 హెర్ట్జ్ దగ్గర లో షెల్ఫ్ (దాని కిందివన్నీ కలిపి మార్చేది), మైనస్ 3 డెసిబెల్స్, క్యూ (మార్పు ఎంత వెడల్పున ఉండాలో చెప్పే అంకె) 0.7; 3 కిలోహెర్ట్జ్ దగ్గర పీక్, ప్లస్ 2 డెసిబెల్స్, క్యూ 1. పెంచినది ఉంది కాబట్టి ప్రీయాంప్ (మొత్తం ధ్వని స్థాయి) మైనస్ 2 పెట్టాలి, లేకుంటే గట్టి చోట్ల ధ్వని పగులుతుంది. ఆండ్రాయిడ్‌లో పవరాంప్ లాంటి పారామెట్రిక్ ఈక్వలైజర్ ఉన్న ప్లేయర్లలో ఇవి అంకెలతో సహా కొట్టొచ్చు.

దీనికి పెద్ద యాంప్లిఫయర్ కావాలా? అక్కర్లేదు. ఇక్కడే చాలామంది డబ్బు తగలేస్తారు. ఇంపిడెన్స్ (విద్యుత్తుకు అడ్డు) 18 ఓమ్‌లు, ఒక వోల్టు ఇస్తే వచ్చే ధ్వని 118 డెసిబెల్స్. లెక్క వేయండి: 85 డెసిబెల్స్ రావాలంటే సుమారు 22 మిల్లీవోల్టులు చాలు, అంటే 27 మైక్రోవాట్లు. సంగీతంలో హఠాత్తుగా వచ్చే 105 డెసిబెల్స్ దెబ్బకు కూడా 0.22 వోల్టు సరిపోతుంది. ఆపిల్ వాళ్ల చిన్న టైప్-సీ డాంగిల్ (ఫోన్‌కు ఇయర్‌ఫోన్ తగిలించే అడాప్టర్) అమెరికా వెర్షన్ దాదాపు 1 వోల్టు ఇస్తుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ డాంగిల్ సగం కంటే తక్కువ వాల్యూమ్ దగ్గరే ఆగిపోతుందని ఫిర్యాదు ఉంది. నిజమే, కానీ ఈ ఇయర్‌ఫోన్‌కు ఆ తక్కువ కూడా ఎక్కువే.

అసలు ఇబ్బంది రెండో వైపు నుంచి వస్తుంది. ఇంత సున్నితమైన ఇయర్‌ఫోన్‌ను శక్తివంతమైన డీఏసీకి (డిజిటల్ పాటను ధ్వని సంకేతంగా మార్చే పరికరానికి) తగిలిస్తే పాట లేనప్పుడు ‘స్స్’ అని హిస్ వినపడుతుంది, వాల్యూమ్ ఒక మెట్టు ఎక్కిస్తే చెవి అదురుతుంది. గెయిన్ (ధ్వనిని ఎంత పెంచాలో ఎంచుకునే) స్విచ్ ఉంటే ‘లో’ దగ్గరే ఉంచండి. మెట్టు మెట్టుకూ తేడా మరీ ఎక్కువైతే ప్లేయర్ ప్రీయాంప్‌ను మైనస్ 10 డెసిబెల్స్‌కు దించండి, అప్పుడు ఫోన్ వాల్యూమ్‌లో వాడుకోవడానికి మెట్లు మిగులుతాయి. సామ్‌సంగ్ ఫోన్లలో సౌండ్ అసిస్టెంట్ యాప్ ఆ మెట్లనే చిన్నవి చేస్తుంది. పెట్టెలో 3.5తో పాటు 4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ కేబుల్ కూడా ఇస్తారు. అది ఇచ్చే అదనపు వోల్టేజీ దీనికి ఎందుకూ కొరగాదు. మొదటి కేబుల్ పాడైనప్పుడు వాడుకునే స్పేర్‌గా దాచుకోండి. దానికోసం 4.4 ప్లగ్ ఉన్న ప్లేయర్ కొనడం గుర్రపు కళ్లెం దొరికిందని గుర్రాన్ని కొన్నట్టే.

కేబుల్ దగ్గరే ఈ ఉత్పత్తి మీద కోపం వస్తుంది. లోపల పారా అరామిడ్ దారం ఉంది కాబట్టి తెగదు, ఒప్పుకోవాలి. కానీ బిరుసు. చెవి వెనక తిరిగే వంపు తీగ కళ్లజోడు పెట్టుకునేవాళ్లకు కాడతో పోట్లాడుతుంది. ముందు ఇయర్‌ఫోన్, ఆ తర్వాత కళ్లజోడు పెట్టుకుంటే కాస్త నయం. నడుస్తుంటే వైరు చొక్కాకు రాసుకున్న ప్రతిసారీ చెవిలో ‘టక్ టక్’మంటుంది. ఛాతీ దగ్గర చిన్న షర్ట్ క్లిప్ పెట్టి, పైన కాస్త వదులు వదిలితే చాలావరకు తగ్గుతుంది. మెత్తటి కేబుల్ కొందామంటే మరో చిక్కు: కనెక్టర్ పేరుకు ఎమ్ఎమ్‌సీఎక్స్ అయినా ఇయర్‌ఫోన్ లోపలికి దిగి ఉంటుంది, బజార్లో దొరికే మామూలు ఎమ్ఎమ్‌సీఎక్స్ కేబుళ్లలో చాలా వాటి మెడ లావు వల్ల అందులో కూర్చోవు. సెన్‌హైజర్ ఐఈ సిరీస్‌కు సరిపోతుందని స్పష్టంగా రాసినదే కొనాలి. కేబుల్‌ను వైరు పట్టుకుని గుంజకుండా, ప్లగ్ మెడ పట్టుకుని నిటారుగా లాగాలి. ఒక పక్క శబ్దం వస్తూ పోతూ ఉంటే ప్లగ్‌ను అక్కడే రెండుమూడు సార్లు తిప్పండి. అప్పటికీ కాకపోతే విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపిన సన్నటి దూదిపుల్లతో కొనను తుడిచి, ఆరాక పెట్టండి. పనిలేకుండా రోజూ విప్పి పెడుతుంటే ఆ కనెక్టర్ వదులవుతుంది.

కేబుల్‌కు మైక్ లేదు. కాల్ వస్తే ఫోన్ మైక్‌లోనే మాట్లాడాలి. కొన్ని చవక డాంగిల్స్ మైక్ లేకపోయినా ఉన్నట్టు ఫోన్‌కు చెప్పుకుంటాయి, అప్పుడు అవతలివాళ్లకు ఏమీ వినపడదు. ‘హలో హలో’ అంటున్నారంటే ఫోన్‌ను అనుమానించే ముందు డాంగిల్ పీకి చూడండి.

ఇప్పుడు బస్సు సంగతి. రబ్బరు కూర్చుంటే మాటలు, ఫ్యాను, కీబోర్డు చప్పుడు బాగానే తగ్గుతాయి. ఇంజిను గుర్రుమనే తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాన్ని మాత్రం రబ్బరు ఆపలేదు. నాయిస్ క్యాన్సిలింగ్ బాగా పనిచేసేది సరిగ్గా అక్కడే. ఆ గుర్రు కింద బేస్ మునిగిపోతుంది, వినేవారి వేలు తెలియకుండానే వాల్యూమ్ మీదకు పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే హద్దు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ ఆ సమయం సగమవుతుంది. 89 దగ్గర వారానికి 5 గంటలే, అంటే రోజుకు గంట ప్రయాణం చేసేవారి వారం అక్కడితో సరి. బస్సులో తప్పదంటే ఫోమ్ రబ్బర్లు వాడండి, సిలికాన్ కంటే కొంత నయం. బండి నడుపుతూ మాత్రం వద్దు, ఒక్క చెవిలో కూడా.

చెమటకూ నీటికీ ఓర్చుకుంటుందని కంపెనీ ఎలాంటి ఐపీ రేటింగ్ ఇవ్వలేదు. విజయవాడ ఎండలోంచి ఏసీ గదిలోకి, మళ్లీ ఎండలోకి తిరిగేవాళ్లు రాత్రిపూట డబ్బాలో ఒక సిలికా జెల్ పొట్లం వేసి పెట్టుకోవాలి. జిమ్‌కు ఇది తగదు.

ఒక పక్క ధ్వని తగ్గిందంటే డ్రైవర్ పోయిందని కంగారు పడకండి, నూటికి తొంభై సార్లు గుబిలే. దీని సిలికాన్ రబ్బర్లలో లోపల చిన్న స్పాంజి ముక్క ఉంటుంది. గుబిలి మొదట చిక్కేది అందులోనే, గొట్టం మూతి మీది జాలీలో కాదు. రబ్బర్లను ఎడమవి కుడికి, కుడివి ఎడమకు మార్చండి. తక్కువ ధ్వని కూడా రబ్బరుతో పాటే పక్క మారితే తప్పు రబ్బరుది, కొత్తది వేయండి. మారకపోతే జాలీ చూడాలి: గొట్టం నేలవైపు ఉండేలా పట్టుకుని, పొడి మెత్తటి బ్రష్‌తో కింద నుంచి తుడవాలి, రాలేది కిందకే రాలాలి. జాలీ మీద ఆల్కహాల్ వేస్తే గుబిలి కరిగి లోపలికి దిగుతుంది, ఆ తర్వాత చేయగలిగింది తక్కువ. పిన్నీసు జోలికి అసలు పోవద్దు. రబ్బర్లను వారానికోసారి సబ్బు నీళ్లలో కడిగి, స్పాంజి పూర్తిగా ఆరేదాకా ఒక రాత్రి వదిలేయాలి. ఫోమ్‌ను కడగడం దండగ. నలిపితే తిరిగి నెమ్మదిగా ఉబ్బడం మానేసి గట్టిపడ్డాక పారేయడమే.

ధర మాట. ఇదే కుటుంబంలో 2023లో 150 డాలర్ల దగ్గర వచ్చిన ఐఈ 200లో కూడా 7 మిల్లీమీటర్ల డ్రైవరే. పెంకు ప్లాస్టిక్, ట్రెబుల్‌లో ఇంత శుభ్రత ఉండదు, కానీ ప్రయాణాల్లో పారేసుకుంటే గుండె ఆగదు. ఇంట్లోనూ ఆఫీసులోనూ ప్రశాంతంగా రోజుకు రెండు గంటలకు పైగా వినేవారు ఐఈ 600 తీసుకోవచ్చు. వినడమంతా దారిలోనే అయితే ఐఈ 200 కూడా వద్దు, నాయిస్ క్యాన్సిలింగ్ బడ్స్ తీసుకోండి. పై మెట్టు ఐఈ 900కి రెట్టింపు దాకా పెట్టడం ఈ వాడకానికి అనవసరం.

కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. అమెరికా నుంచి వచ్చే బావగారి చేతో అన్నయ్య చేతో తెప్పించుకుంటే ధర తగ్గవచ్చు. అక్కడి బిల్లుకు ఇక్కడి సర్వీసులో వారంటీ చెల్లుతుందా లేదా అన్నది ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ఈ బ్రాండుకు నకిలీలు కూడా ఎక్కువ, సగం ధరకు సీలు తీయని పెట్టె అంటే అనుమానించాల్సిందే. తెచ్చుకున్న మొదటి రోజే ఒక మోనో పాట పెట్టి వినండి. గొంతు సరిగ్గా నడినెత్తిన ఉండాలి. ఒక పక్కకు ఒరిగితే కుడిదాన్ని ఎడమ చెవిలో, ఎడమదాన్ని కుడి చెవిలో తలకిందులుగానైనా ఆనించి వినండి. ఒరుగు ఇయర్‌ఫోన్‌తో పాటు మారితే అది మార్చుకోవాల్సిన సరుకు. మారకుండా అదే పక్కన ఉంటే మీ చెవిదో, ఆ పక్క రబ్బరు సైజుదో.