టిబిలిసిలో జూనియర్ యూరోవిజన్: పోటీ, బస, తిండి, తిరుగుడు

డిసెంబర్లో జార్జియా అనగానే గల్ఫ్‌లో ఉండే మనవాళ్లు చాలామంది గుడౌరి మంచు ఫొటోలే చూపిస్తారు. మేం ఈసారి పాటల కోసం వెళ్లాం. 2025 జూనియర్ యూరోవిజన్ ఫైనల్ డిసెంబర్ 13, శనివారం నాడు జార్జియా రాజధాని టిబిలిసిలో పెట్టారు, అప్పటికి షార్జాలో పిల్లలకు శీతాకాలం సెలవులు, పైగా మా అక్క కొడుకు అక్కడే మెడిసిన్ చదువుతున్నాడు, ఇక ఆగడానికి సాకు దొరకలేదు. పాప సంగీతం నేర్చుకుంటోంది కాబట్టి దాని కోసమే వెళ్లామని ఇంట్లో చెప్పుకుంటున్నాం గానీ, ఆ పోటీని ఏళ్ల తరబడి ఫోన్‌లో చూస్తున్నది నేనే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. యూరప్ దేశాల పిల్లల పాటల పోటీ ఇది, 2003లో కోపెన్‌హేగన్‌లో మొదలైంది. 9 నుంచి 14 ఏళ్ల వయసు పిల్లలు తమ దేశం తరఫున పాడతారు. మన 'పాడుతా తీయగా'లో పిల్లలు పాత సినిమా పాటలు పాడి మార్కులు తెచ్చుకుంటారు కదా, ఇక్కడ అలా కాదు, ఆ పిల్లకోసమే కట్టిన కొత్త పాట, మూడు నిమిషాల లోపు, అందులో ఎక్కువ భాగం సొంత భాషలోనే ఉండాలి. మార్కుల్లో సగం జడ్జీలవి, సగం ఆన్‌లైన్ ఓట్లవి. ఓటు ఎక్కడినుంచైనా వెయ్యొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, ఒకటి కంటే ఎక్కువ దేశాలకు వెయ్యాలి, అందులో సొంత దేశం కూడా ఉండొచ్చు. ఈ ఆఖరి రూల్ నాకు భలే నచ్చుతుంది, సొంత పిల్లకి ఓటేసుకోవద్దంటే ఏ తల్లి ఊరుకుంటుంది!

ఇక జార్జియా సంగతి. దేశం మొత్తం జనాభా 40 లక్షల లోపే, మన హైదరాబాద్‌లో సగం కూడా కాదు. 2007లో మొదటిసారి రాటర్‌డామ్‌కి ఒక అమ్మాయిని పంపితే నాలుగో స్థానం వచ్చింది. మరుసటి ఏడే 2008లో లిమసోల్‌లో బ్జికెబి అని ముగ్గురు పిల్లలు కందిరీగల వేషం వేసుకుని, ఏ భాషా కాని భాషలో ఝుమ్మంటూ పాడి కప్పు కొట్టుకొచ్చారు. 2011లో యెరెవాన్‌లో క్యాండీ అనే అమ్మాయిల బృందం, 2016లో వాలెట్టాలో మరియం మమదాష్విలి, 2024లో మాడ్రిడ్‌లో ఆండ్రియా పుట్కరాడ్జె. నాలుగుసార్లు గెలిచారు, మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఒక్క ఏడూ మానలేదు. తమాషా ఏంటంటే పెద్దవాళ్ల యూరోవిజన్‌లో ఇదే దేశానికి తొమ్మిదో స్థానం కంటే పైకి ఎప్పుడూ రాలేదు. గెలిచిన దేశంలోనే మరుసటి ఏడు పోటీ పెట్టాలన్న గట్టి నియమం ఈ పిల్లల పోటీకి లేదు, అందుకే మొదటి రెండు విజయాల తర్వాత కీవ్‌కి, ఆమ్‌స్టర్‌డామ్‌కి వెళ్లిపోయింది. టిబిలిసికి మొదటిసారి 2017లో వచ్చింది, మళ్లీ 2025లో.

పిల్లలు ఇంతలా గెలవడానికి కారణం ఏంటని మా అక్క కొడుకుని అడిగితే "ఏమో పిన్నీ, ఇక్కడ హాస్టల్ వాచ్‌మన్ కూడా శ్రుతిలో పాడతాడు" అన్నాడు. వాడన్నది సగం జోకు, సగం నిజం. ముగ్గురు మూడు వేర్వేరు స్వరాల్లో కలిపి పాడే బహుస్వర గానం వాళ్ల పల్లెల్లో, గుడిలో, భోజనాల బల్ల దగ్గర ఇప్పటికీ బతికే ఉంది, యునెస్కో 2001లోనే దాన్ని గుర్తించింది. 1977లో అంతరిక్షంలోకి పంపిన వోయెజర్ రికార్డులో మన కేసర్‌బాయి కేర్కర్ పాటతో పాటు 'చక్రులో' అనే జార్జియా పాట కూడా ఉంది. మిగతా సగం మాత్రం పద్ధతి ప్రకారం చేసే పని. బ్జికెబి పేరుతోనే స్టూడియో నడిచింది, క్యాండీ పిల్లలు అక్కడివాళ్లే. 2017 నుంచి రానినా అనే టీవీ కార్యక్రమంలో పిల్లల్ని వారాల తరబడి పాడించి అందులోంచి ఎంచుతున్నారు. ఒక్క రాత్రి ఆడిషన్‌తో తేల్చేది కాదు కాబట్టి పెద్ద స్టేజీ ఎక్కేసరికి ఆ పిల్లలకి కెమెరా అంటే టెన్షన్ ఉండదు.

పోటీ జరిగింది ఒలింపిక్ సిటీలోని జిమ్నాస్టిక్ హాల్లో. పాతబస్తీ నుంచి నడిచి వెళ్లేది కాదు, యాప్‌లో టాక్సీ పిలుచుకోవాలి. వెళ్లేటప్పుడు చవగ్గానే అయింది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం అందరూ ఒక్కసారే ఫోన్లు తియ్యడంతో యాప్‌లో రేటు మూడింతలైంది, ఇద్దరు డ్రైవర్లు ఒప్పుకుని క్యాన్సిల్ చేశారు. రాత్రి పొద్దుపోయింది, చలి చెవుల్లోంచి దూరుతోంది, పాప నా కోటులోపల తల పెట్టుకుని నిలబడింది. మీరు వెళ్తే జనం మధ్యలో నిలబడకండి, పెద్ద రోడ్డు మీదికి కాస్త నడిచి అక్కడినుంచి పిలవండి, మాకు కారు అలాగే దొరికింది.

షో మాత్రం టీవీలో చూసేదానికీ అక్కడ కూర్చుని చూసేదానికీ సంబంధమే లేదు. 18 దేశాల పిల్లలు జెండాలు పట్టుకుని వరసగా వస్తారు. ఆర్మేనియా, అజర్‌బైజాన్ రెండూ ఉన్నాయి, ఆ రెండు దేశాల మధ్య జరిగిన యుద్ధాలు గుర్తున్నవాళ్లకి అది చిన్న విషయం కాదు. ఆతిథ్య దేశం తరఫున అనీతా అబ్గరియాని స్టేజీ ఎక్కగానే హాలంతా "సకార్త్వేలో, సకార్త్వేలో" (వాళ్ల భాషలో జార్జియా పేరు) అని కాళ్లతో నేల దంచారు, మా పక్క సీట్లో ఉన్న బామ్మగారైతే కర్చీఫ్ ఊపుతూ నా భుజం మీద రెండు దెబ్బలేశారు, సంతోషంతోనే లెండి. పాటకీ పాటకీ మధ్య స్టేజీ సామాను మార్చేవాళ్లని చూడటం మా పాపకి పాటలకంటే ఎక్కువ నచ్చింది. చీకట్లో నల్లబట్టలు వేసుకున్న మనుషులు పరుగున వచ్చి, నిమిషం లోపు ఒక మెట్లవరస తీసేసి ఇంకోటి పెట్టి మాయమైపోతారు. టీవీలో ఆ టైంలో ఏదో చిన్న వీడియో వేస్తారు కాబట్టి ఇది కనపడదు.

ఫ్రాన్స్ అమ్మాయి లూ దెలెజ్ గెలిచింది. 2020, 2022, 2023, ఇప్పుడు 2025, అంటే ఫ్రాన్స్‌కీ నాలుగైంది, జార్జియా రికార్డు జార్జియా గడ్డ మీదే సమం చేశారు. హాల్లో ఒక్క క్షణం మూగబోయి తర్వాత గట్టిగానే చప్పట్లు కొట్టారు. నా మూడు ఓట్లలో ఒకటి ఫ్రాన్స్‌కే వేశాను, ఆ మాట బామ్మగారికి చెప్పలేదు.

బస విషయంలో మాకు రెండు రకాలూ తెలిసొచ్చాయి. మొదట పాతబస్తీలో, సొలొలాకి వైపు, చెక్క బాల్కనీ ఉన్న పాత ఇల్లు తీసుకున్నాం. ఫొటోలో స్వర్గం. లిఫ్ట్ లేదు, మెట్లు ఒక్కోటి ఒక్కో ఎత్తు, హీటర్ పెద్దగదిలో మాత్రమే పనిచేసేది, పడకగదిలో ఊపిరి వదిలితే పొగ. ఇంటాయన మర్యాదస్తుడే, ఫోన్ చేస్తే వచ్చి హీటర్‌ని రెండు తట్లు తట్టి, నవ్వి, వెళ్లిపోయేవాడు. ఎండాకాలం అయితే ఆ బాల్కనీ కోసమే ఉండొచ్చు, డిసెంబర్లో పిల్లలతో వద్దే వద్దు. తర్వాత సబుర్తాలో అనే చోటికి మారాం, మెడికల్ యూనివర్సిటీ మెట్రో స్టేషన్‌కి దగ్గర్లో, మనపిల్లలు ఎక్కువగా ఉండే పేట. సోవియట్ కాలం నాటి బిల్డింగ్, బయటినుంచి చూస్తే దిగులేస్తుంది, లోపల మాత్రం వెచ్చగా పొయ్యి పక్కన కూర్చున్నట్టుంది. అద్దె కూడా తక్కువ. కింద దుకాణంలో కందిపప్పు, ఆవాలు దొరికాయి, మెట్లమీద తెలుగు వినపడింది.

ఆ బిల్డింగ్ లిఫ్ట్ గురించి చెప్పకపోతే ఎలా. లోపల గోడకి చిన్న డబ్బా ఉంటుంది, అందులో 20 తెత్రి (అక్కడి పైసలు) నాణెం వేస్తేనే పైకెళ్తుంది. మా సూట్‌కేసులన్నీ లోపల పెట్టి తలుపు మూసుకున్నాక చూసుకుంటే ఎవరి దగ్గరా చిల్లర లేదు. "ముందే చెప్పాను కదా పిన్నీ" అని వాడు జేబులోంచి ఒక నాణేల సంచీ తీశాడు, అక్కడ పిల్లలందరూ అది వెంటే పెట్టుకుంటారట. కొన్ని బిల్డింగుల్లో కార్డు తాకించే పద్ధతి వచ్చింది గానీ, పాతవాటిల్లో ఇంకా డబ్బాలే.

తిరగడానికి మెట్రో చాలు. మేం వెళ్లినప్పుడు ప్రయాణం ఒక లారీ (అక్కడి రూపాయి అనుకోండి), మన డబ్బుల్లో సుమారు 33 రూపాయలు, దిగి బస్సెక్కినా గంటన్నర లోపు అయితే మళ్లీ కట్టక్కర్లేకపోయింది. రుస్తవేలి స్టేషన్ ఎస్కలేటర్ నిలబడి చూస్తే అడుగు కనపడదు, పైగా దూసుకెళ్తుంది, పెద్దవాళ్లు ఉంటే చెయ్యి పట్టుకోండి. విమానాశ్రయం నుంచి 337 నంబర్ బస్సు రుస్తవేలి మీదుగా వెళ్తుంది, అదీ అప్పుడు ఒక లారీయే, బయట నిలబడి "టాక్సీ టాక్సీ" అనేవాళ్లు చెప్పే రేటుకి నవ్వొస్తుంది.

తిండి దగ్గర శాకాహారులు భయపడి ఎంటీఆర్ ప్యాకెట్లు మోసుకుపోతారు, డిసెంబర్లో ఆ అవసరం లేదు. నవంబర్ 28 నుంచి జనవరి 6 వరకు అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులకి ఉపవాస కాలం, మాంసం, పాలు, గుడ్లు ముట్టరు, వాళ్ల క్రిస్మస్ జనవరి 7న. ఆ రోజుల్లో హోటల్లో "సమార్ఖ్వో" అని అడిగితే చాలు, వేరే మెనూ ఇస్తారు. మట్టికుండలో ఉడికించిన లోబియో (రాజ్మాలాంటి గింజలు), ఆ గింజల ముద్ద కూరిన లోబియాని రొట్టె, వంకాయలో వాల్‌నట్ ముద్ద చుట్టిన బద్రిజాని, పుట్టగొడుగుల ఖింకాలి (మోమోల్లాంటివి). ఖింకాలి పైన ముడిని పట్టుకుని తినాలి, ఆ ముడిని పళ్లెంలోనే వదిలెయ్యాలి, మా ఆయన అదీ తినేస్తుంటే వడ్డించే అమ్మాయి చాలా బాధపడింది. కారం అంటారా, అజికా (మిరపకాయల ముద్ద) అడగండి. పుల్లటి ప్లమ్ పళ్ల పచ్చడి త్కెమాలి అయితే మా ఇంట్లో ఇప్పటికీ ఇడ్లీలోకి నడుస్తోంది. గుడ్డు తినేవాళ్లు అజారా వైపు చేసే పడవ ఆకారం ఖచాపురి (చీజు రొట్టె) ఒకటి ఇద్దరికి తీసుకోండి, ఒక్కరు తింటే ఆ పూట లేవలేరు. ఇండియన్ రెస్టారెంట్లకి వెళ్లాం, బాగానే ఉన్నాయి, వాటికోసం అంతదూరం వెళ్లక్కర్లేదు.

పాటల మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఫైనల్ మర్నాడు, ఆదివారం పొద్దున, అంచిస్ఖతి చర్చికి వెళ్లండి. ఆరో శతాబ్దం నాటిది, నగరంలో ఉన్నవాటిల్లో పాతది. ఆడవాళ్లు తలమీద చున్నీ వేసుకోవాలి, ఫోన్ సంచీలోనే ఉంచాలి. వాద్యం ఒక్కటి లేకుండా మగవాళ్లు పాడుతుంటే మా పాప "అమ్మా, ఒకళ్లు మాత్రం శ్రుతిపెట్టెలాగా పాడుతున్నారు" అంది. నిజమే, కింది స్వరం పట్టుకుని నిలబడే వరస ఒకటుంది, దానిమీదే మిగతా రెండూ తిరుగుతాయి. ముందురోజు హాల్లో లైట్లమధ్య విన్న పాటలకంటే నాకు ఇదే ఎక్కువ పట్టింది, మా ఆయనకి కాదు, ఆయనకి కాళ్లు నొప్పులు. చర్చి పక్కనే గాబ్రియాడ్జె బొమ్మల థియేటర్ గడియార స్తంభం ఉంది, ప్రతి గంటకీ ఒక దేవదూత వచ్చి గంట కొడుతుంది, మధ్యాహ్నం 12కీ సాయంత్రం 7కీ చిన్న బొమ్మలాట. పావుగంట ముందు వెళ్తేగానీ పిల్లలకి ముందువరస దొరకదు.

అబానోతుబాని గంధకపు స్నానాలు చలికాలంలో చెయ్యాల్సిందే. కుటుంబంతో వెళ్తే గదిని గంట లెక్కన విడిగా తీసుకోండి, వాసన కుళ్లిన గుడ్డులాగే ఉంటుంది, పది నిమిషాలకి అలవాటైపోతుంది. డ్రై బ్రిడ్జ్ దగ్గర పాత సామాన్ల సంతలో బేరం ఆడండి, వాళ్లూ ఆడించుకుంటారు. గుడౌరి ఒకరోజు టూర్ మాకు నిరాశే. డ్రైవర్ తోవలో తేనె దుకాణం, వైన్ దుకాణం, ఇంకో తేనె దుకాణం దగ్గర ఆపాడు, కొండెక్కేసరికి వెలుతురు తగ్గింది. డిసెంబర్లో సాయంత్రం ఐదున్నరకే చీకటి. మంచు కావాలంటే అక్కడే ఒక రాత్రి ఉండండి, లేదంటే టిబిలిసికి దగ్గర్లో ఉన్న పాత ఊరు మ్త్స్‌ఖేతా చూసుకుని మధ్యాహ్నానికల్లా వచ్చెయ్యండి.

రుస్తవేలి రోడ్డు మీద పార్లమెంటు ముందు 2024 నవంబర్ చివర్లో మొదలైన సాయంత్రం నిరసనలు మేం వెళ్లేసరికి ఇంకా జరుగుతూనే ఉన్నాయి. మేం ఆ వేళకి అటు వెళ్లలేదు, పొద్దున్నే ఒపేరా హౌస్ చూసి వచ్చేశాం. మా వాడు కూడా అదే చెప్పాడు, విద్యార్థులు అటు ఆగి ఫొటోలు తీసుకోవడం మంచిది కాదని.

వీసా సంగతి గల్ఫ్ రెసిడెన్సీ ఉన్నవాళ్లకి తేలికే గానీ రూల్స్ మారుతున్నాయి, టికెట్ కొనేముందు వాళ్ల విదేశాంగశాఖ సైట్ చూడండి. 2026 జనవరి 1 నుంచి సందర్శకులకు ఆరోగ్య బీమా తప్పనిసరి చేశారు. బస బుకింగ్, తిరుగు టికెట్, బీమా మూడూ కాగితం మీద ప్రింట్ తీసి చేత్తో పట్టుకోండి, ఫోన్ చార్జింగ్ మీద ఆధారపడకండి. హైదరాబాద్, విజయవాడ నుంచి నేరుగా వచ్చేవాళ్లు ఈ-వీసాకి ముందుగానే పెట్టుకోవాలి, అది చేతికొచ్చేదాకా షో టికెట్ల మీద డబ్బు పెట్టొద్దు.