కోదాడ నుంచి హైదరాబాదుకు: ఎక్కడ బస చేయాలి, కారు ఎక్కడ ఆపాలి

కోదాడ దగ్గరి మా ఊరి నుంచి హైదరాబాదు సుమారు 180 కిలోమీటర్లు. 65వ నంబరు జాతీయ రహదారి మీద సూర్యాపేట, నకిరేకల్, నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా దారి సాఫీగా సాగుతుంది. సంక్రాంతి రద్దీ లేని రోజుల్లో కొర్లపహాడ్, పంతంగి టోల్ గేట్ల దగ్గర ఆలస్యం ఉండదు. సూర్యాపేట దగ్గర రహదారి వదిలి పిల్లలమర్రి గుళ్లు చూడాలని నేను పట్టుబట్టాను. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్ల కాలం నాటి ఆ నల్లరాతి స్తంభాల నునుపు చేత్తో తాకి చూడవలసిందే. ఇంత దగ్గరగా ఉన్నా ఈ గుళ్ల వైపు తిరిగే కార్లు అరుదుగా కనిపించడం నాకు బాధ కలిగించింది.

పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు తగులుతుంది. గచ్చిబౌలి వైపు దిగేవారు అక్కడే ఔటర్ ఎక్కడం మేలు. నగరం నడిబొడ్డుకు వెళ్లేవారు మాత్రం హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీనగర్ మీదుగా ఓపికగా సాగాలి.

బస విషయంలో మా ఇద్దరి అభిప్రాయాలు కలవలేదు. మావారు గచ్చిబౌలిలో వంటగది, విశాలమైన పార్కింగు ఉన్న సర్వీసు అపార్టుమెంటు కోరుకున్నారు. నేను లక్డీకాపూల్‌లో మెట్రో స్టేషనుకు నడిచి వెళ్లగల హోటలు కోరుకున్నాను. చివరకు రెండుచోట్లా ఉండి చూశాం. అపార్టుమెంటులో నిద్ర హాయిగా పట్టింది, గదులు శుభ్రంగా ఉన్నాయి. కానీ పాతబస్తీకి వెళ్లి రావడానికే పూట గడిచిపోయేది, పైగా ముందు చెప్పిన అద్దె మీద శుభ్రత ఖర్చంటూ విడిగా వసూలు చేశారు. లక్డీకాపూల్ హోటల్లో గది ఇరుకు, రోడ్డు వైపు కిటికీ తెరిస్తే రాత్రి వరకూ హారన్ల మోత. అయినా మళ్లీ వెళితే నేను అక్కడే దిగుతాను; ఎందుకంటే కారును సెల్లారులో వదిలి, మెట్రోలో ఐదో స్టేషనైన ఎంజీబీఎస్‌లో దిగి ఆటో ఎక్కితే, మూసీ అవతల సాలార్‌జంగ్ మ్యూజియం ఎంతో దూరం ఉండదు. అక్కడి ఆటోవాళ్లలో కొందరు కొత్తవాళ్లని పసిగట్టి రెట్టింపు అడుగుతారు కనుక యాప్‌లో పిలిపించుకోవడం మంచిది.

మ్యూజియానికి కనీసం సగం రోజు కేటాయించాలి. గంట గంటకూ చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే గడియారం ముందు జనం కిక్కిరిసి ఉంటారు. నేను మాత్రం బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెక్కా ముందే ఎక్కువసేపు నిలబడిపోయాను. ముసుగు వెనక ముఖం తేటగా కనిపిస్తుంది; ఆ ముసుగూ పాలరాయే అన్న సంగతి ఎంతసేపు చూసినా మనసు ఒప్పుకోదు. 1591 నాటి చార్మినారు, లాడ్ బజారు లక్క గాజులు, ఇరానీ చాయ్ సాయంత్రానికి ఉంచుకున్నాం. గాజుల ధర బేరమాడక తప్పదు.

గోల్కొండకు మాత్రం మెహదీపట్నం మీదుగా కారులోనే వెళ్లాం, ఆ వైపు మెట్రో లేదు. ఫతే దర్వాజా గుమ్మటం కింద మావారు కొట్టిన చప్పట్లు పైన బాలా హిసార్‌లో నిలబడిన నాకు స్పష్టంగా వినిపించాయి. భద్రాచల రామదాసును బంధించిన గది దగ్గర మా ఇద్దరికీ మాట రాలేదు. చిన్ననాటి నుంచి పాడుకున్న కీర్తనల వెనకున్న చీకటి అక్కడ కళ్లకు కనిపిస్తుంది. మెట్లు ఎక్కువ కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవారు ఉదయం చల్లపూటే వెళ్లాలి. సాలార్‌జంగ్ మ్యూజియానికి, చౌమహల్లా ప్యాలెస్‌కు శుక్రవారం సెలవు కనుక మేము ఆ రోజునే గోల్కొండకు పెట్టుకున్నాం.