చలికాలంలో ఫైకస్ బోన్సాయ్ కొంటున్నారా, "ఏడాదంతా బయటే ఉంచొచ్చు" అంటే నమ్మకండి

డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్లు ఈ మధ్య చాలామంది బోన్సాయ్‌లు కొంటున్నారని రాస్తున్నా, నాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదు.

నవంబర్‌లో ఆన్‌లైన్‌లో 140 డాలర్లు పెట్టి ఒక ఫైకస్ తెప్పించుకున్నాను. అమ్మేవాళ్ల పేజీలో "టెక్సస్ చలికి తట్టుకుంటుంది, ఏడాదంతా ప్యాటియోలోనే పెట్టుకోవచ్చు" అని రాసి ఉంది. అనుమానమొచ్చి చాట్‌లో అడిగితే మళ్లీ అదే మాట. ఫైకస్ అంటే మన మర్రి, రావి, మేడి జాతే కదా, నీళ్లు గడ్డకట్టే చలి వాటికెక్కడ తెలుసు? అయినా అమ్మేవాళ్లకి తెలియకుండా ఉంటుందా అని ఊరుకున్నాను.

డిసెంబర్ చివర్లో ఒక రాత్రి 27 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి పడిపోయింది. తెల్లారి తలుపు తీస్తే ఆకులన్నీ ఉడికిన పాలకూరలా మెత్తబడి నల్లగా వేలాడుతున్నాయి. రెమ్మ తుంచితే పాలు కారాలి, చుక్క రాలేదు. బెరడు గోటితో గీకితే కింద పచ్చగా కనపడాలి, అక్కడా గోధుమరంగే, మొదలు దాకా గీకుతూ వచ్చాను, ఎక్కడా పచ్చదనం లేదు. చాలా బాధేసింది.

ఫోటోలు పంపితే "నీళ్లు ఎక్కువ పోసుంటారు" అన్నారు. గ్యారంటీ చెట్టు బతికి చేరేవరకేనట. ఆ పేజీలో ఆ వాక్యం మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది, నా కోపమంతా దానిమీదే.

రాత్రిళ్లు 50 డిగ్రీల కిందకి, అంటే మన లెక్కలో 10 సెల్సియస్ కిందకి వెళ్తున్నాయంటే ఫైకస్ ఇంట్లోకి రావాల్సిందే. ఫుకియన్ టీ అనే ఇంకో వేడిప్రాంతపు బోన్సాయ్ చెట్టయితే ఇంకాస్త ముందే. "మీది జోన్ 8, ఏం కాదు" అని ఎవరైనా అంటే, ఆ జోన్ లెక్క (ఏ ప్రాంతంలో చలి ఎంత దాకా పడుతుందో చెప్పే అమెరికా లెక్క) నేలలో పాతిన చెట్లకి అని చెప్పండి. రెండు మూడంగుళాల మట్టి ఉండే తొట్టిలో వేర్లకి చుట్టూ చలిగాలే, నేల వెచ్చదనం అందదు. 2021 ఫిబ్రవరిలో ఇక్కడ మైనస్ 2 ఫారెన్‌హీట్ దాకా పడింది, అప్పుడున్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

దీనికి తిరగేసిన మోసం జునిపర్ అనే చలిప్రాంతపు చెట్టుది. దానికి చలికాలం బయట ఉండాలి, దాన్నేమో ఇంట్లో పెట్టుకునే బోన్సాయ్ అని అమ్ముతారు, పైగా చచ్చిపోయాక కూడా కొన్ని వారాలు పచ్చగానే ఉంటుంది కాబట్టి మనకి తెలిసేసరికి వాపసు గడువు దాటిపోతుంది.

కొనేముందు చెట్టు శాస్త్రీయ నామం అడగండి, వట్టి "బోన్సాయ్ ట్రీ" అంటే వదిలేయండి. జనవరి, ఫిబ్రవరిలో తెప్పించుకోవాలంటే పెట్టెలో హీట్ ప్యాక్ పెడతారా లేదా రాతపూర్వకంగా తీసుకోండి. వాళ్ల పేజీని ఆరోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఇప్పటికే చలి దెబ్బ తిన్నదుంటే వెంటనే పారేయకండి. మొదలు దగ్గర గీకి చూడండి, పచ్చగా ఉంటే ఎండ పడే కిటికీ దగ్గర పెట్టి, ఎరువు వేయకుండా, పైమట్టి ఆరాకే నీళ్లు పోస్తూ చూడండి, ఫైకస్ మళ్లీ చిగురు వేయొచ్చు. అనుమానంగా ఉంటే ఫోటో పెట్టండి, చూసి చెప్తాను.